పిలుపు దూరం

ఎండకాలం, 112వ రోజు

యంత్రం జోలికి ఎవరు పోయినా ముందు చిట్టా రాయాలని రూలు. రాస్తున్నాను. పేరు భూలక్ష్మి, వయసు నలభై ఆరు, ఉండేది నాలుగో సొరంగం, పని చీటీల గదిలో. చేయబోయేది: పైగదిలో ఉన్న డేటాబేస్ సర్వర్‌ను కింద నా కంప్యూటర్ నుంచే వాడుకునే ఏర్పాటు. కారణం: ఓదెలన్న.

కారణం ఇంత పొట్టిగా రాస్తే కమిటీ ఒప్పుకోదు. ఓపిక తెచ్చుకుని ఇంకాస్త రాస్తాను. ఆరు సొరంగాలు, తొమ్మిది వందల మందిమి. ఏ సొరంగంలో ఫ్యాన్లు ఎప్పుడు తిరగాలో, ఎంతసేపు తిరగాలో సర్వర్ చెబుతుంది. కాన్పు అయిన చోట గాలి ఎక్కువ ఇవ్వాలి, జ్వరం ఉన్న చోట ఇంకా ఎక్కువ. ఆ చీటీలన్నీ నా దగ్గరికి వస్తాయి. కట్ట కట్టి పంపిస్తే మోత మనిషి తెల్లారకముందే ఇంక్లైన్, అంటే పాత గని వాలుదారి, రెండు కిలోమీటర్లు ఎక్కి ఇచ్చి వస్తాడు. పైన ఓదెలన్న కూర్చుని ఒక్కొక్కటీ ఎక్కిస్తాడు. పదకొండేళ్లుగా ఇదే.

ఆ పైగది నేల మీద ఉంది. మధ్యాహ్నం లోపల నలభై ఎనిమిది డిగ్రీలు. యంత్రం ఓర్చుకుంటుంది. దాన్ని కిందికి తెద్దామంటే కింద చెమ్మ. దాని జంట యంత్రాన్ని ఒకసారి తెచ్చారు, నలభై రోజుల్లో తుప్పు తినేసింది. నా చిన్న కంప్యూటర్‌నే చుట్టూ సున్నం గిన్నెలు పెట్టి బతికించుకుంటున్నాను.

పైన మనిషి ఎందుకంటారా? మా దగ్గర పుట్టిన ప్రతి పిల్లకూ మాటలకంటే ముందు నేర్పేది ఒక్కటే, మనిషి లేని గదిలో దీపం వద్దని. ఉన్న కరెంటంతా గాలికే చాలడం లేదు మరి. సర్వర్‌కు ఒక్కదానికే మినహాయింపు, అదీ కాపలా మనిషి పిలుపు దూరంలో ఉన్నంతసేపే.

నిన్న డాక్టర్ ఫర్జానా వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "అక్కా, ఓదెలన్న మూత్రం చాయ్ డికాషన్ లెక్కున్నది. ఇంకో నెల గా గదిలనే ఉంటే కిడ్నీలు పోతయ్. తర్వాత నా చేతుల ఏం లేదు" అంది.

ఆ యంత్రం సంగతి తెలిసినవాళ్లం ఇద్దరమే మిగిలాం, ఆయనా నేనూ. ఆయన పడిపోతే పైకి పోవాల్సింది నేనే. కాబట్టి ఇది ఒట్టి దయ కాదు, భయం కూడా. చిట్టాలో అబద్ధం రాయకూడదు కదా.

ఎండకాలం, 113వ రోజు

పాత గని టెలిఫోన్ తీగల్లో ఒక జత మాటలకు వాడుతున్నాం. ఇంకో జత ఖాళీగా పడి ఉంది. దానికి రెండు చివర్లా లింకు డబ్బాలు తగిలించాం, పైన ఓదెలన్న, కింద నేను. డబ్బా మీద పచ్చ లైటు వెలిగింది. అబ్బా, సగం పని అయిపోయిందనుకున్నాను. నా బుద్ధి అంతే.

సర్వర్‌ను పిలిచాను. పలకలేదు. నిమిషం ఆగి, గడువు దాటిపోయిందని నా స్క్రీన్ మీదే రాసి వచ్చింది. పన్నెండు సార్లు పిలిచాను. పన్నెండు సార్లూ ఇదే వరస.

ఫోన్ చేశాను. "అన్నా, ఫైర్‌వాల్ అడ్డమున్నది. నా కంప్యూటర్ కోసం ఒక్క పోర్టు తెరువాలె. నేను చెప్తుంట, నువ్వు కొట్టు."

"ఒక్క నీకేనా? ఇంకెవలన్న జొరబడ్తరా?"

"నా ఒక్కదానికే."

"జర మెల్లగ చెప్పు. చెమటకు వేళ్లు జారుతున్నయ్."

ఒక్క వరుస కొట్టడానికి గంటన్నర పట్టింది. నాలుగు సార్లు తప్పు పోయింది. ఒకసారి మధ్యలో చాలాసేపు మాట వినపడలేదు. ఏమైందన్నా అంటే, "కండ్లు తిరిగినయ్, కూసున్న" అన్నాడు. నా చోట ఇంకెవరైనా అయితే ఆయన్ను పడుకోమని ఆ మాటకే ఫోన్ పెట్టేసేవాళ్లు.

ఎండకాలం, 114వ రోజు

ఇవాళ సర్వర్ పలికింది. వెంటనే పలికింది. పొమ్మంది.

ఓదెలన్నకు చెబితే అయ్యో అన్నాడు. అయ్యో కాదు, నాకు సంతోషంగా ఉంది. నిన్న ఉలుకూ పలుకూ లేదు, ఇవాళ కనీసం నా మొహం మీద తలుపు వేసింది. అంటే తలుపు దాకా పోయాను.

"అన్నా, సెట్టింగుల ఫైల్ తెరువు. ఏ అడ్రసు మాట వినాలె అని ఒక వరుసుంటది. నూట ఇరవై ఏడుతోని మొదలైతది."

"ఉన్నది. నడుమ సున్నాలు, చివర్ల ఒకటి."

"అదే. అదుంటే తన గదిల మాట తప్ప బయటి మాట వినదు. అది కొట్టేసి నాలుగు సున్నాలు పెట్టు."

కొట్టకుండా ఆ వరుసనే మళ్లీ పైకి చదివాడు.

"చెల్లె, గిది బక్కయ్య తాత రాసింది," అన్నాడు. బక్కయ్య ఆ గదికి మొదటి కాపలా మనిషి. "ఆయన రాసింది నేనెట్ల కొట్టేస్త?"

"కొట్టెయ్యకపోతే అది నా మాట వినదన్నా!"

"ఆయన కింద ఇంకో వరుస రాస్త. ఆయనది ఆయనకుంటది, నీది నీకుంటది."

నాకు అరవాలనిపించింది. తర్వాత ఆలోచిస్తే, ఒకే సెట్టింగు రెండు సార్లు ఉంటే ఈ యంత్రం చివరిదే లెక్కలోకి తీసుకుంటుంది. సరే కానీయమన్నాను. పెద్దాయన పరువు దక్కింది, నా పనీ అయింది.

మార్పు పట్టాలంటే సర్వర్‌ను ఒకసారి ఆపి మళ్లీ లేపాలి. ఫ్యాన్ల వంతు మారే సందులో నాలుగు నిమిషాల్లో చేశాం. ఆ నాలుగు నిమిషాలూ తొమ్మిది వందల మందికి గాలి లేదు. ఎవరికీ తెలియలేదు. నాకు మాత్రం తెలిసింది, ఒళ్లంతా తడిసిపోయింది.

ఎండకాలం, 116వ రోజు

తలుపు తెరుచుకుంది. ఇప్పుడు నువ్వెవరు అంటోంది.

తప్పు దానిది కాదు. సర్వర్‌కు తెలిసిన పేరు ఒక్కటే, ఓదెలన్నది, అదీ పైగదిలోంచి వస్తేనే. నా పేరుతో, నా కంప్యూటర్ అడ్రసుతో కొత్త మనిషిని చేర్చాలి. ఓదెలన్న చేర్చాడు. పాస్‌వర్డ్ ఫోన్‌లో చెప్పనన్నాడు, తీగ మీద ఎవరైనా వింటారట. చీటీ మీద రాసి నాలుగు మడతలు పెట్టి మోత మనిషితో పంపాడు. అతనికి చదువు రాదు, అయినా జేబు మీద చెయ్యి తీయకుండా దిగి వచ్చాడు.

లోపలికి పోయాను. గాలి వంతులన్నీ నా కళ్ల ముందు, నాలుగో సొరంగంలో, సున్నం గిన్నెల మధ్య. ఒక వంతు మార్చబోతే అనుమతి లేదంది.

"అన్నా, చూసుడు ఒక్కటే ఇచ్చినవ్. రాసుడు ఇయ్యలే."

"ఇయ్యాల చూడు. రేపు రాయనిస్త."

"ఎందుకట్ల?"

"పదకొండేండ్ల సంది ఒక్కన్నే రాసిన చెల్లె," అన్నాడు. "ఒక్కరోజు ఆగు."

ఆగాను.

ఎండకాలం, 121వ రోజు

నాలుగు రోజులు రాయలేదు, తీరిక లేక. 117న అనుమతి ఇచ్చాడు. మొదటి చీటీ నేనే ఎక్కించాను. ఆ రోజు జొన్న గట్క కూడా రుచిగా అనిపించింది. 118 నుంచి లింకు తెగుతోంది.

ఊరికే తెగుతోంది. పచ్చ లైటు పోతుంది, పావుగంటకో అరగంటకో మళ్లీ వస్తుంది. సగం రాసిన మార్పు ఉంటే సర్వర్ దాన్ని మొత్తం వెనక్కి తీసేస్తుంది. ఇవాళ అదే అయింది. రెండో సొరంగంలో బాలింత ఉందని అరగంట గాలి కలిపాను, రాస్తుండగా లింకు పోయింది. నేను చూసుకోలేదు. ఆ పిల్ల సొమ్మసిల్లి పడిపోయింది. ఫర్జానా నీళ్లు చల్లి లేపింది. పసిబిడ్డ బాగానే ఉంది.

కమిటీ పెద్ద కొమురవ్వ కర్ర పొడుచుకుంటూ నా గదికి వచ్చింది. డెబ్భై రెండేళ్ల మనిషి, గొంతు మాత్రం ఇంక్లైన్ చివరిదాకా వినపడుతుంది.

"మూడు దినాలు ఇస్తున్న. సక్కగైతే సరే. కాకుంటే తీగ పీకేసి ఎప్పటిలెక్క చీటీలు మొయ్యుర్రి."

"అట్లయితే ఓదెలన్న సస్తడు అవ్వా."

"రెండో సొరంగం పిల్ల సస్తుండె కద ఇయ్యాల. ఆమె ఎవలకేం కాదా?"



ఎండకాలం, 123వ రోజు

తీగ మొత్తం నడిచాను. రెండు కిలోమీటర్లు, చేత్తో తడుముకుంటూ. పదిహేడు అతుకులు విప్పి, గీకి, మళ్లీ కట్టాను. సెట్టింగుల్లో గడువులన్నీ పెంచాను. లింకు పోయిన ప్రతిసారీ టైము రాసిపెట్టాను. పొద్దున ఆరున్నర, పదకొండు, మధ్యాహ్నం రెండు, సాయంత్రం నాలుగు. ఎండ వేడికి తీగ సాగుతుందా అనుకున్నాను. ఎలుకలా అనుకున్నాను. మోకాళ్లు వాచిపోయాయి.

మధ్యాహ్నం గట్క గంట కొట్టారు. లేచి బయలుదేరాను. లైన్లో నిలబడి గిన్నె ముందుకు చాపాక గుర్తొచ్చింది. నేను లేచేటప్పుడు నా లింకు డబ్బా ఆపేసి వచ్చాను. ఆపినట్టు కూడా తెలియదు నాకు. పుట్టినప్పటి నుంచి గది దాటుతుంటే చెయ్యి దానంతట అదే స్విచ్చు మీదికి పోతుంది.

గిన్నె అక్కడే వదిలేసి ఉరికాను. మోకాళ్లు ఏమైపోతే నాకేం.

"అన్నా! నువ్వు గది బయటికి పోయేటప్పుడు పచ్చ లైటు డబ్బ ఆపుతున్నవా?"

"ఆపనా మరి?" అన్నాడు, అదేం ప్రశ్న అన్నట్టు. "మనిషి లేని గదిల దీపం పెడ్తరా ఎవలన్న? మినాయింపు యంత్రానికే కని డబ్బకు లేదు కద."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పక్క వసారాలోకి, ఆరున్నరకు ముఖం కడగడానికి, పదకొండుకు నీళ్లకు, రెండింటికి ఒంటికి పోవడానికి, నాలుగింటికి మళ్లీ నీళ్లకు. నేనేమో పదిహేడు అతుకులు గీకాను. ఆయన ఆపినవి కొన్నయితే, నేను గట్కకు పోతూ ఆపినవి కొన్ని. సర్వర్‌కు ఏ రోగమూ లేదు.

"నీ కాళ్లు మొక్కుత అన్నా, అది ఆపకు."

"తప్పు కద చెల్లె."

"తప్పే. ఆ తప్పు నేను మోస్త."

ఎండకాలం, 124వ రోజు

కొమురవ్వ ఇచ్చిన గడువు ఇవాళ్టితో సరి. వచ్చి నా పక్కన ముక్కాలిపీట మీద కూర్చుంది. లింకు నిన్నటి నుంచి తెగలేదని చూపించాను. ఓదెలన్నను దించుతానన్నాను.

"దించితే గదికి పిలుపు దూరంల ఎవలుంటరు?"

"నేనుంట."

"నువ్వు ఈడున్నవ్. గది రెండు కిలోమీటర్లు."

"పిలుపు దూరమంటే పిలిస్తే పలికేంత దూరమే కద అవ్వా. చూడు." టైము ఎంత అని సర్వర్‌ను అడిగాను. రెప్ప వేసేలోపు జవాబు వచ్చింది. ఆమె మళ్లీ అడగమంది. ఇంకోసారి అడగమంది. మూడుసార్లూ పలికింది.

కొమురవ్వ స్క్రీన్ మీంచి నా వైపు తిరిగింది. "నువ్వు పిలిస్తే అది పలికింది, సరే. అది పిలిస్తే నువ్వు పలుకుతవా?"

ఫ్యాను ఏదైనా పట్టేస్తే సర్వర్ గంట కొడుతుంది. పది నిమిషాల్లో చూసుకోవాలి.

"పలుకుత."

"పొద్దంతా? రేయంతా? గీ కుర్చి ఖాళీగుంటే పైగది ఖాళీగున్నట్టే లెక్క. గస్తీవాళ్లు పోయి యంత్రం ఆపుతరు. ఆగినంక గాలి లేదంటే నన్నడగొద్దు. ఒప్పుకుంటవా?"

ఒప్పుకున్నాను. ఇంకో మనిషిని ఇస్తారా అని అడిగాను. లేరంది. ఆమె వెళ్లిపోయాక ఆ కుర్చీ వైపు చూశాను. ఒక కాలు విరిగింది దానిది, తీగతో కట్టి ఉంది.

ఎండకాలం, 126వ రోజు

ఓదెలన్న దిగాల్సిన రోజు. గది గుమ్మం నుంచి ఇంక్లైన్ నోటి దాకా రెండు వందల అడుగులు ఆరుబయట నడవాలి. సూర్యుడు రాకముందే దాటాలి.

సర్వర్‌లో ఎవరెవరు ఉన్నారో నా స్క్రీన్ మీద కనిపిస్తుంది. రెండు వరుసలు. ఒకటి ఓదెలు, పైగది. ఇంకోటి భూలక్ష్మి, కింద. 4:50కి ఆయన వరుస పోయింది. లింకు పోలేదు. అంటే డబ్బా ఆపకుండానే బయలుదేరాడు. దేవుడా అనుకుని ఊపిరి పీల్చుకున్నాను.

ఆయన నడకకు గంటంపావు. ఆరు దాటింది. రాలేదు. పైగదికి ఫోన్ చేశాను, మోగింది, ఎత్తలేదు. ఆరున్నర. ఫర్జానా వచ్చి ఇంకా రాలేదా అంది. కొంత దూరం ఎక్కి చూస్తానని పోయింది. నేను పోలేదు. కుర్చీ వదిలితే గది ఖాళీ. ఆయన దారిలో ఎక్కడో పడి ఉన్నాడని నా కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది, నేనేమో ఆ విరిగిన కుర్చీలో కూర్చుని ఒక్క వరుసను చూస్తున్నాను. ఇంత చేతకానితనం నా బతుకులో ఎరగను.

6:50కి రెండో వరుస వచ్చింది. ఓదెలు, పైగది.

ఫోన్ ఎత్తాడు. "నువ్వెందుకున్నవ్ ఆడ!" అని అరిచాను.

"సగం దూరం అచ్చిన చెల్లె. కాళ్లు ముందల వడలే." ఆయాసపడుతున్నాడు. "గదిల ఎవలు లేరు. లైట్లు ఎలుగుతున్నయ్. దొంగతనం చేసి పోతున్నట్టు అనిపించింది. ఒక్కపారి చూసిపోదామని మల్లచ్చిన."

"ఆపినవా?"

"చెయ్యి పెట్టిన. మల్ల గుంజుకున్న. గంతల ఎండచ్చె."

నోటికొచ్చినట్టు తిట్టాను. తిడుతూ ఏడ్చాను. ఫర్జానా వచ్చి ఫోన్ లాక్కుని, గంటకు ఎన్ని గ్లాసుల నీళ్లు తాగాలో, తడిగుడ్డ ఎక్కడెక్కడ వేసుకోవాలో చెప్పింది. ఇవాళ పైగదిలో నలభై తొమ్మిది.

ఎండకాలం, 127వ రోజు

ఇది నిద్ర లేచాక రాస్తున్నాను. పొద్దున జరిగింది.

నాలుగున్నరకు ఫోన్ చేయలేదు. చెబితే వినే మనిషి కాదు. ఆయనకు స్క్రీన్ మీద వచ్చిందే నిజం. కొత్త చీటీ వస్తే పైగది స్క్రీన్ మీద పైన కనిపిస్తుంది. ఒక చీటీ ఎక్కించాను. సొరంగం: పైగది. మనుషులు: ఒకరు. వివరం: ఓదెలన్నా, నేను గదిలనే ఉన్న. నువ్వు పో.

ఐదు నిమిషాలకు ఫోన్ మోగింది.

"చెల్లె, గదిలున్నవా?"

"ఉన్న."

"మంచిగ కూసున్నవా?"

"కూసున్న అన్నా."

"అయితే నేను పోత."

"లైటు?"

"నువ్వుండంగ నేనెందుకు ఆపుత?" అన్నాడు.

4:48కి ఆయన వరుస పోయింది. 6:05కి ఇంక్లైన్ వైపు నుంచి ఆయన కర్ర చప్పుడు వినపడింది. పదకొండేళ్లలో ఆయన ముఖం చూడటం ఇది నాలుగోసారి. ఇంత చిక్కిపోయాడని ఫోన్లో గొంతు చెప్పలేదు నాకు. ఫర్జానా పరీక్ష చేసింది. కిడ్నీల్లో పోయింది రాదంది, మిగిలింది నిలుస్తుందంది. కింద ఇరవై ఎనిమిది డిగ్రీలు. ఆ చల్లదనానికి ఆయనకు పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. రెండు దుప్పట్లు కప్పాం.

స్క్రీన్ వైపు చూశాడు. ఒక్కటే వరుస. నా పేరు.

"మూడు దినాల సంది పండుకోలేదట కద. లే చెల్లె, నేను కూసుంట."

"ఇప్పుడే కద అచ్చినవ్. నడుమన్నా వాల్చు."

"కూసుంటందుకు నాకు నేర్పుతవా నువ్వు?"

లేచాను. విరిగిన కాలు ఎటు ఉందో చెప్పాను. దుప్పట్లతో సహా మెల్లగా కూర్చున్నాడు, తన పాస్‌వర్డ్ కొట్టాడు. ఓదెలు, కింద. నా కంప్యూటర్ అడ్రసుకు ఆయన పేరు నిన్న సాయంత్రమే చేర్చి పెట్టాను. గుమ్మం దాకా నడిచాను. కళ్లు మూసుకుపోతున్నాయి. చెయ్యి దానంతట అదే గోడ మీదికి పోయి స్విచ్చును పట్టుకుంది.

"ఏయ్ చెల్లె," అన్నాడు ఓదెలన్న దుప్పట్లోంచి. "నేనున్న గద."